వేలు కాలితే వదిలెయ్

కూర్మయ్య చేత వేలిముద్ర వేయించుకుని రావడానికి నేను బుడితి వెళ్లాను. ప్లీడరు టైపు చేయించి ఇచ్చిన కాగితం, అరచేతిలో పట్టేంత స్టాంపు ప్యాడు నా హ్యాండుబ్యాగులో ఉన్నాయి. ఆ ముద్ర పడితే మా ఆయన జైలుకి వెళ్లడు, కూర్మయ్య వెళ్తాడు. పడకపోతే మా ఆయన వెళ్తాడు. అన్నీ తెలిసే బస్సెక్కాను. తెలియక చేశానని ఎవరి ముందూ ఏడవను.

విజయనగరంలో బయల్దేరి శ్రీకాకుళంలో బస్సు మారేసరికి పదకొండు దాటింది. మే నెల. పక్క సీటులో కూర్చున్నావిడ జీడిమామిడి పళ్ల బుట్ట నా పాదాల మీద పెట్టేసి హాయిగా నిద్రపోయింది. ఇంకో రోజైతే నాలుగు మాటలని లేపేదాన్ని. ఆ రోజు నా కోపమంతా ఒక్కడి కోసమే దాచుకున్నాను. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని, నా కూతురి కుడికన్ను తీసి ట్రేలో పెడితే చూసినదాన్ని, ఎవడి మీదో ఒకడి మీద నోరు పారేసుకోకపోతే బతకలేనని అనిపించింది.

మా ఆయన పేరు బెన్హర్. సైన్యంలో తుపాకులు బాగుచేసే పనిలో ఇరవై నాలుగేళ్లుండి హవల్దారుగా రిటైరయ్యాడు. ఇంటికొచ్చాక చేతులు ఊరుకుంటాయా. లైసెన్సు తెచ్చుకుని ఒక పాత రైఫిలు కొన్నాడు. అందులో తూటా కూర్చునే చోటుని ఛాంబరంటారు. అది తుప్పు పట్టి పాడైపోయింది. పారేయడానికి మనసొప్పక, దాన్ని లోపలినుంచి కాస్త వెడల్పు చేసి వేరే ఆకారానికి మలిచాడు. అలా చేస్తే గుండు ఇంకా బలంగా, ఇంకా సూటిగా పోతుందని ఏదో పాత పుస్తకంలో చదివాడట. అందుకు ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని ఆయనకి తెలుసు. తీసుకోలేదు.

అలాంటి ఛాంబరుకి సరిపోయే తూటా ఏ కొట్లోనూ దొరకదు. కొట్లో కొన్న మామూలు తూటానే అందులో పెట్టి ఒకసారి కాల్చాలి. లోపలి మంట తోపుకి ఇత్తడి గొట్టం ఉబ్బి ఛాంబరు ఆకారానికి వచ్చేస్తుంది. మిగిలిన ఆ ఖాళీ గొట్టాన్ని ఆర్మీవాళ్లు ఖోకా అంటారు. దాన్నే మళ్లీ నింపుకుని వాడుకోవాలి. మొదటి ఖోకా బయటికొచ్చిన రోజు బెన్హర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని వంటింట్లోకి తెచ్చి చూపించాడు. షాలిని పుట్టినప్పుడు కూడా మనిషి అంత మురిసిపోలేదు.

అలా ఉబ్బిన ఇత్తడి గట్టిపడిపోతుంది. రెండుసార్లు వాడేసరికి మూతి దగ్గర చీలుతుంది. అందుకని మూతిని మంట మీద చూపించి మెత్తబరచాలి. అడుగు మాత్రం మెత్తబడకూడదు, పేలుడు తోపునంతా ఆపేది ఆ అడుగే. ఈ పనికి బెన్హర్‌కి సైన్యంలో పని నేర్పిన ఉస్తాదు చెప్పిన పద్ధతొకటుంది. ఖోకా అడుగుని వట్టి వేళ్లతో పట్టుకుని, మూతిని స్పిరిట్ దీపం మీద తిప్పుతూ ఉండాలి. వేళ్లకి చురుక్కుమనగానే నీళ్లగిన్నెలోకి వదిలెయ్యాలి. గ్లవ్సు లేదు, పటకారు లేదు. అడుగు పాడయ్యే లోపలే వేలు చెప్పేస్తుంది. "ఏలు కాల్తే ఒగ్గీడవే, ఇందల ఇంకేటి ఉన్నాది" అనేవాడు, బైబిలు వాక్యం చెప్పినంత నమ్మకంగా.

తర్వాత ఆయనకి సుగర్ వచ్చింది. రెండేళ్లలో వేళ్ల కొసలు మొద్దుబారాయి. నాకు చెప్పలేదు. ఒకరోజు అన్నం కలుపుతుంటే ఆయన వేళ్ల మీద నాలుగు బొబ్బలు చూశాను.

"ఇయ్యేటి?" అన్నాను.

"ఏటీ నేదు. దీపం తగిలింది."

కంచం పక్కకి నెట్టి, కళ్లు మూయించి, గుండుసూదితో ఒక్కో వేలూ పొడిచాను. అయిదింట్లో మూడు వేళ్లకి తెలియలేదు. ఆ వారం ఆయన దీపం మీద కాల్చిన ఖోకాలన్నీ మూటగట్టి పాత సామాన్లవాడికి వేసేశాను. అడుగు మెత్తబడిన ఖోకా ఎంత ప్రమాదమో ఇరవై నాలుగేళ్లు ఆయన నోటే విని ఉన్నాను. అంటే ఈ సంగతి నాకు ముందే తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను అప్పుడు గుర్తుపెట్టుకోలేదు.

ఆ రైఫిలు కొన్నది ఆయన సరదాకే గానీ, అప్పటికి అది షాలినిదైపోయింది. దానికి ఇరవై మూడేళ్లు. జిల్లా క్లబ్బులో కుర్రాళ్లందరికంటే బాగా కొట్టేది. జూన్‌లో హైదరాబాదులో షూటింగు సెలెక్షన్లు. అందులో నెగ్గితే పోలీసులో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి దారి పడుతుందని తండ్రీకూతుళ్లు రోజూ అదే మాట. సాధనకి అరవై ఖోకాలు కావాలి. నేను చేస్తానని షాలిని అంటే నేనే వద్దన్నాను. ట్రిగ్గరు నొక్కే వేలికి బొబ్బ లేస్తే సెలెక్షన్ల మాటేమిటి? అరవై పట్టుకునే ఓపిక నాకు లేదు.

"బుడితి కూర్మయ్య మావున్నాడు గదా" అన్నాను బెన్హర్‌తో. "ఇత్తడి సంగతి ఆ మావకంటే ఎవులికి తెలుస్తాది."

కూర్మయ్యది యాభై ఏళ్లుగా ఇత్తడి పోత పనే. మా చర్చిలో ప్రభు భోజనం పళ్లేలు ఆయన చేసినవే. ఒకసారి చెయ్యి కాలి మా ఆసుపత్రికొస్తే నేను కట్టుకట్టాను, అప్పటినుంచీ పరిచయం.

బెన్హర్ వెంటనే ఒప్పుకోలేదు. "పని తెలిసినోడు మన మాట ఇనడే. ఆడి పద్దతిలో ఆడు సేస్తాడు" అన్నాడు.

"నానెల్లి సెప్తాను. ఎందుకినడో సూస్తాను."

అరవై ఖోకాలు హార్లిక్సు సీసాలో పోసుకుని వెళ్లాను. కూర్మయ్య ముందు దీపం పెట్టి, ఒకటి పట్టుకుని, తిప్పి, చురుక్కుమనగానే నీళ్లలో పడేసి చూపించాను. పటకారు ముట్టుకోవద్దన్నాను. కొలిమి దగ్గరికి తీసుకెళ్లొద్దన్నాను. మందు ఎలా వేసుకోవాలో రోగి చేత తిరిగి చెప్పించుకోవడం నర్సులకి అలవాటు. ఆయన చేత కూడా చెప్పించుకున్నాను.

"ఏలు కాల్తే ఒగ్గీడవే గదా సిస్టరమ్మా" అని నవ్వాడు. "ఇంత సిన్న పనికి బస్సెక్కొచ్చినావేటి."

వారం లోపలే సీసా తిరిగి వచ్చింది. మూత తీస్తే కళ్లు చెదిరాయి. చింతపండుతో తోమి, బూడిదతో రుద్ది, పెళ్లికి ఇచ్చే సామానులా మెరిపించి పంపాడు. పొగమరకతో పని తిరిగివ్వడం ఆ ఇంటా వంటా లేదు. బెన్హర్ ముఖం మాత్రం వాడిపోయింది.

"తోమీకుండా ఉండాల్సింది. ఆ మరక సూస్తేనే ఏడి ఎంతవరకు పాకిందో తెలుస్తాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "బంగారంలాగ సేసిస్తే దానికీ ఏడుపేనా. ముసిలోడు పైసా పుచ్చుకోలేదు. నీకు వంక పెట్టకపోతే తిన్నదరగదు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన ఆ ఖోకాలతోనే తూటాలు నింపుకున్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక క్లబ్బు షూటింగు రేంజికి వెళ్లాం. తూటా తయారుచేసినవాడే మొదట కాల్చి చూడాలన్నది బెన్హర్ పెట్టుకున్న నియమం. కానీ ఆయన వేలికి ట్రిగ్గరు తెలియడం లేదు. కిందటిసారి అనుకోకుండా పేలిపోయింది కూడా. "నువ్వుండు నాన్నా" అని షాలినే రైఫిలు పట్టుకుని బోర్లా పడుకుంది. ఒకటి కొట్టింది, రెండు కొట్టింది. నేను షెడ్డు కింద క్యారేజీ విప్పుతున్నాను. మూడోది తుపాకీ చప్పుడులా లేదు. కుక్కరు మూత ఎగిరిపోయినట్టుంది.

ఖోకా అడుగు చిరిగిపోయి, మంటా ఇత్తడి ముక్కలూ వెనక్కి, షాలిని ముఖం మీదికి కొట్టాయి. కళ్లద్దాలు ఎడమకన్నుని కాపాడాయి. కుడికన్ను మీంచి షాలిని చెయ్యి తీసి చూడగానే నాకు తెలిసిపోయింది. విశాఖపట్నం తీసుకెళ్లిన దారంతా 'బాగైపోతాది, బాగైపోతాది' అంటూనే ఉన్నాను. నర్సులు అనే మాటే అది. ఆపరేషనయ్యాక అది అడిగింది ఒక్కటే, సెలెక్షన్లు ఏ తేదీ అని. గురి చూసేది కుడికంటితోనే కదా. అప్పుడు వరండాలోకి వచ్చి గోడకేసి తల కొట్టుకున్నాను.

పోలీసులు రైఫిలు పట్టుకెళ్లారు. అనుమతి లేకుండా దాన్ని మార్చినందుకు, కన్ను పోయినందుకు బెన్హర్ మీద కేసు పెట్టారు. ప్లీడరు అంతా విని, ఒక దారి ఉందన్నాడు. ఖోకాలు ఊరికే తోమి ఇమ్మని పంపాం, ఎవరూ చెప్పకుండా ఆ ఇత్తడి పనివాడే వాటిని కాల్చి పాడుచేశాడు, బెన్హర్‌కి తెలియదు. కూర్మయ్య ఇది ఒప్పుకుంటే కన్ను పోయిన నేరం ఆయన మీదికి పోతుంది, రైఫిలు మార్చిన సంగతి తను చూసుకుంటానన్నాడు. బెన్హర్ తల వంచుకుని కూర్చున్నాడు. "నేను తెస్తాను" అన్నది నేనే. అందులో నాకు అబద్ధం కూడా అంతగా కనిపించలేదు. చెప్పినట్టు చేసి ఉంటే అడుగు ఎలా మెత్తబడుతుంది? కొలిమిలో పారేసి ఉంటాడు, ఒక్కొక్కటి పట్టుకునే ఓపిక లేక. బస్సులో కూర్చున్నంతసేపూ ఇదే తిప్పి తిప్పి అనుకున్నాను.

వెళ్లేసరికి కూర్మయ్య మూసలో ఇత్తడి కరిగిస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. ఆయన భార్య జగ్గమ్మ పీట వేసి మంచినీళ్లు తెచ్చింది. నేను ముట్టుకోలేదు.

"గుంటకెలాగున్నాది?" అని షాలిని గురించి అడిగాడు.

"కన్ను తీసేసినారు."

జగ్గమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూర్మయ్య చేతిలోని గరిటె మూస మీద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"నా పనిలో ఏటైనా తేడా ఒచ్చినాదా?"

దాచుకున్నదంతా పైకొచ్చింది. "నాను సెప్పినట్టు సెయ్యలేదు నువ్వు. ఒక్కొక్కటి పట్టుకోడానికి బద్దకమేసి కొలిమిలో పడేసినావు. నీ బద్దకానికి నా కూతురు గుడ్డిదైపోయింది" అన్నాను. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా అన్నాను.

ఆయన కోప్పడలేదు. "కొలిమిలో ఎయ్యనేదమ్మా. దీపం మీదే సేసినాను. పటకారు ముట్టుకుంటే ఒట్టు. జగ్గమ్మ పక్కనే ఉన్నాది, అడుగు."

"మరెప్పుడొగ్గేసినావు?"

"కాల్తే ఒగ్గీమన్నావు గదా. అది బేగి కాలదే." బొటనవేలూ చూపుడువేలూ కలిపి, లేని ఖోకాని తిప్పుతున్నట్టు చూపించాడు. "నాను తిప్పుతన్నాను, సూస్తన్నాను. మూతి ఎర్రబడిపోనాది. నడుం ఎర్రబడిపోనాది. ఏలికేటీ తెల్డం నేదు. సిస్టరమ్మ కాల్తేనే ఒగ్గీమన్నాది, ఇంకా కాల్నేదు గదా అని అలాగే ఉంచినాను. ఆకర్న ఎప్పుడో సురుక్కుమన్నాది. అప్పుడొగ్గేసినాను. అరవైకి అరవై అలాగే సేసినాను. ఒక్కటీ ముందు ఒగ్గీనేదు."

నేను ఆ చేతుల వైపు చూశాను. యాభై ఏళ్లు నిప్పు దగ్గర పనిచేసిన చేతులు. వేళ్ల కొసలు నల్లగా, చెప్పుల తోలులా మందంగా ఉన్నాయి. ఆసుపత్రికొచ్చినప్పుడు అరచేతిలో అంగుళం మేర కాలిన చర్మం కత్తిరించి తీసింది నేనే. మత్తు ఇంకా ఎక్కకుండానే కత్తెర పెట్టాను, ఆయన జగ్గమ్మతో ఏదో కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. గట్టి మనిషి అనుకున్నాను. మొగుడి వేళ్లయితే సూదితో పొడిచి చూశాను. ఈ వేళ్లని చూడాలని నాకు తోచలేదు. కాలితే వదిలెయ్యమని చెప్పానే గానీ, నీకు కాలుతుందా మావా అని అడగలేదు.

నా కోపం పోయిందని అనను. పోలేదు. పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది, అంతే.

సిగ్గు విడిచి ఒకటి చెబుతాను. అప్పటికీ నా చెయ్యి బ్యాగులోనే ఉంది. బెన్హర్ సుగర్ మందులు లేకుండా జైల్లో ఎన్నాళ్లుంటాడు, షాలిని ఎడమకన్ను డాక్టరుకి చూపించడానికి విశాఖ ఎవరు తీసుకెళ్తారు, ఇవే తిరుగుతున్నాయి బుర్రలో. కాగితం తీశాను. స్టాంపు ప్యాడు తీశాను.

"ముద్ర కావాలేటి?" అన్నాడు కూర్మయ్య, బొటనవేలు పంచెకి తుడుచుకుంటూ. "నా ముద్ర సరిగా పడదమ్మా. రేసన్ మిసను కూడా తీసుకోదు. జగ్గమ్మ ఏలెడితేనే బియ్యం ఇస్తన్నారు. ఇందల ఏటి రాసున్నాది?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. చదువు రానివాడు, నన్ను నమ్మినవాడు. ఆసుపత్రి ఖర్చు కాగితమంటే చాలు, వేసేసేవాడు. నోరు తెరిచి, ఉన్నది ఉన్నట్టు చదివాను. తోమడానికి ఇచ్చిన ఖోకాలను ఎవరూ చెప్పకుండా నా ఇష్టప్రకారం కాల్చి పాడుచేసితిని, అన్న చోట నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ చదివాను.

"నువ్వు సెప్పినావు గదా సిస్టరమ్మా" అన్నాడు ఆయన, అర్థం కాక.

"సెప్పాను మావా."

"మరది నేదే ఇందల."

"లేదు."

జగ్గమ్మ ఏదో అనబోతే ఆయన చేత్తో ఆపాడు. ఇప్పుడు తిడతాడు, నాలుగిళ్లవాళ్లనీ పిలుస్తాడు అనుకున్నాను. తిడితే బాగుణ్ణనిపించింది. ఆయన అడిగింది వేరే.

"నాకు బేగి కాలుంటే, గుంట కన్ను ఉండీదేటి?"

ముప్ఫై ఏళ్లలో ఎంతమందికి ఎన్ని అబద్ధాలు చెప్పానో లెక్క లేదు. నొప్పి తగ్గిపోతుందని, రాత్రికి లేచి కూర్చుంటాడని. ఆ ఒక్క అబద్ధం ఆ మనిషికి చెప్పలేకపోయాను.

"ఉండేది" అన్నాను.

ఆయన తల ఊపాడు. లేచి కొలిమి దగ్గరికి వెళ్లాడు. పనికే వెళ్లాడనుకున్నాను. మూస మీదున్న ఇనప గరిటె తీశాడు, దాని అంచుకి బొటనవేలు ఆనించాడు. ఆనించి, అలాగే ఉంచి, నా వైపు చూశాడు. ఏదైనా వినబడుతుందేమోనని చెవి ఒగ్గిన మనిషి ముఖంలా ఉంది ఆయన ముఖం. ముందు వాసనొచ్చింది. అది ఏ వాసనో నాకు తెలుసు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని లాగేసేసరికి వేలి చర్మం కొంత గరిటెకే అంటుకుపోయింది.

"ఇప్పుడూ తెల్డం నేదు సిస్టరమ్మా" అన్నాడు. "సూసినావా. ఇప్పుడూ తెల్డం నేదు."

ఆ పెద్దాయన అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. జగ్గమ్మ మాత్రం ఏడవలేదు. నీళ్లు తెచ్చి, ఆయన చెయ్యి అందులో ముంచి పట్టుకుని, "ఇంక లెగు. బస్సుకెల్లు" అంది నాతో, నా ముఖం చూడకుండానే. నా బ్యాగులో ఎప్పుడూ ఒక గాజుగుడ్డ చుట్ట ఉంటుంది. వేలికి కట్టుకట్టాను. కాగితం మడిచి లోపల పెట్టుకున్నాను.

సాయంత్రం ప్లీడరు ఆఫీసులో బెన్హర్ నా కోసం ఎదురుచూస్తున్నాడు. ప్లీడరు కాగితం విప్పి, కింద ఖాళీ చూసి, ముద్ర ఏదమ్మా అన్నాడు.

"వేలు కాలింది. కట్టుకట్టాను."

"రెండో బొటనవేలు ఉంది కదా" అన్నాడు ఆయన. హాస్యానికి కాదు, మామూలుగానే అన్నాడు.

"ఖోకాలు పట్టుకెళ్లింది నేను. ఎలా కాల్చాలో చెప్పింది నేను. ఆయనకి కాలుతుందో లేదో అడగనిది నేను. అలా రాయండి" అన్నాను.

"అలా రాస్తే మీ ఆయన కేసులో ఉండిపోతాడు. మీరూ వస్తారు అందులోకి. అమ్మాయిని చూసుకునేవాళ్లు ఎవరు?"

బెన్హర్ నా వైపు తిరగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తూనే "రాయండి సార్, అది సెప్పినట్టే రాయండి" అన్నాడు.

ప్లీడరు కొత్త కాగితం తీసి, నా పూర్తి పేరు అడిగాడు. చెప్పాను.